మేకల లెక్క

కెరీర్ ఆఫీసులో గ్వెనెత్ నా రెజ్యూమె చివరిదాకా చదివి
కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది.
"సరాంతుయా, అంకెలు అందరికీ ఉన్నాయి.
నీకొక కథ కావాలి.
మంగోలియా కదా, మేకలు లేవూ?"

ఉన్నాయన్నాను.
అప్పటిదాకా లేవు.

అలా పుట్టింది మా తాత మంద.
మొదటి ఇంటర్వ్యూలో నలభై.
గడ్డి మీద మంచు రాయిలా బిగిసిన చలికాలం,
తెల్లారేసరికి నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చిపోయాయి.
"రిస్కంటే ఏమిటో ఆ పొద్దున తెలిసింది" అని
రెండు సెకన్లు ఆగాలి.
ఆ ఆగడం గ్వెనెత్ గడియారం పెట్టి నేర్పింది.

ప్రతి దరఖాస్తులోనూ మూడో పేజీలో ఒక ప్రశ్న:
వీసాకి మా పూచీ అవసరమా?
అవును అని నొక్కితే
తెర కాసేపు గిర్రున తిరుగుతుంది,
ఇంట్లో పెద్దవాళ్ళని అడిగొస్తానన్నట్టు.
అక్కడ నిజం తప్పనిసరి గనక
నా అబద్ధమంతా మేకల మీద పెట్టుబడి పెట్టాను.

ఏడో బ్యాంకు నాటికి మంద నూటయాభై.
పదకొండో బ్యాంకుకి ఒక ఒంటె కూడా చేరింది.
చక్రవడ్డీ అంటే ఇదే కాబోలు,
వద్దన్నప్పుడల్లా ఈనడం.

నా గదిలో ఉండే ఎఫువా బ్లేజరు అరువిచ్చింది.
చేతులు రెండంగుళాలు పొట్టి.
"నావి కోకో తోటలు" అంది ఇస్త్రీ చేస్తూ,
"పురుగు పట్టి పోయాయి, పాపం."
నిజంగానా అన్నాను.
"మా అమ్మ కుమాసీలో పళ్ళ డాక్టరు."
పక్కగదివాళ్ళు గోడ కొట్టేదాకా నవ్వుకున్నాం.
తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

పందొమ్మిదోది కేనరీ వార్ఫ్‌లో, ముప్పయ్యొకటో అంతస్తు.
కిటికీ కింద థేమ్స్, మరిగి మరిగి చేదెక్కిన టీ రంగులో.
అబర్‌నెతీ గారి టై మీద గుడ్డు మరక.
బాండు గురించి అడిగాడు. చెప్పాను.
వడ్డీ పెరిగితే? ధర పడుతుంది.
ఎంత? అదీ చెప్పాను.
ఇక కథ వేళ.

రెండు వందల పన్నెండు మేకలు, ఒక ఒంటె.
రెండు సెకన్లు ఆగాను.
ఆయన నాలుగు ఆగాడు.
"మా నాన్న స్కాట్లండులో గొర్రెలు కాసేవాడు.
గొర్రె పడుకునే చస్తుంది.
మేక నిలబడి చస్తుందా?"

కాకిలెక్క తీగ ఆయన చేతికి దొరికింది.
ఇక డొంక కదలాల్సిందే.

"తెలీదండీ" అన్నాను.
"మేకని దగ్గరగా చూసింది ఒక్కసారి, బడి పిల్లలతో.
నా నోటుపుస్తకం తినేసింది.
మాది ఉలాన్‌బాతర్‌లో ఐదో అంతస్తు ఫ్లాటు.
నాన్న ట్రాలీబస్సు నడుపుతాడు.
చలికి పైతీగ నుంచి కడ్డీ జారిపోతే
దిగి, తాడు లాగి, మళ్ళీ తగిలిస్తాడు.
లోపల జనం తిడుతుంటారు.
అంతే. ఇందులో నీతేమీ లేదు."

"రోజుకి ఎన్నిసార్లు జారుతుంది?"
"మూడు. మంచు గట్టిగా పడితే ఐదు."

రాసుకున్నాడు. మూడు, ఐదు.
ఆ పూట నేనన్న అంకెలన్నిటిలో
ఆయన పెన్ను కదిలింది ఆ రెంటికే.

కిందికి దిగుతూ లిఫ్టులో చెవులు మూసుకుపోయాయి.
ఎఫువాకి కొట్టాను: మేకలన్నీ ఈసారి నిజంగా చచ్చాయి.
జవాబొచ్చింది: బ్లేజరుకేం కాలేదుగా?

ఇవాళ్టికి పదకొండు రోజులు. మెయిలు లేదు.
ఉండబట్టలేక నాన్నకి ఫోన్ చేశాను,
మేక నిలబడి చస్తుందా అని.
"నాకేం తెలుసు" అన్నాడు.
"ఉండు, కడ్డీ జారింది."

ఫోను సీటు మీద పెట్టినట్టున్నాడు.
తలుపు చప్పుడు, గాలి,
ఎవరో ఆడమనిషి తిట్టడం.
నేను లైన్లోనే ఉన్నాను.